మగ ఆల్పకా పోస్టుకు ఇన్‌చార్జి

డాక్టర్ ఓబుళేశును మగ ఆల్పకా పోస్టుకు ఇన్‌చార్జిగా వేస్తూ ఉత్తర్వు వచ్చేసరికి ఆయన కాఫీ తాగుతున్నాడు. చదివి ముందు నవ్వాడు. కింద సంతకం చూశాక నవ్వడం మానేశాడు. అది డైరెక్టర్ పరాంకుశరావుగారి సంతకం, పచ్చ ఇంకులో ఉంది. పరాంకుశరావుగారు పచ్చ ఇంకుతో పరాచికాలాడిన దాఖలా ఆయన సర్వీసు మొత్తం మీద లేదు.

"ప్రతాప్ అను మగ ఆల్పకా డిప్యుటేషన్‌పై వెళ్ళినందున ఏర్పడిన ఖాళీలో, ఈ కేంద్రపు పశువైద్యాధికారి డాక్టర్ బి. ఓబుళేశు గారిని, వారి ప్రస్తుత విధులకు అదనముగా, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు ఇన్‌చార్జిగా నియమించడమైనది. వీరు తక్షణమే చార్జి తీసుకొని, సదరు పోస్టునకు చెందిన సమస్త విధులు నిర్వర్తించవలెను."

'సమస్త విధులు' అన్న మాట కింద వేలు పెట్టి ఓబుళేశు మళ్ళీ చదివాడు. కాఫీ అక్కడే వదిలేసి డైరెక్టర్ గది వైపు నడిచాడు.

ఆయన నడిచేలోపు, ఆల్పకా అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. అది ఒంటెకు దూరపు చుట్టం. మేకకన్నా కాస్త పెద్దది. ఒంటి నిండా ఉన్ని, పొడుగాటి మెడ, వినకూడని మాటేదో ఇప్పుడే విన్నట్టుండే మొహం. పుట్టిల్లు పెరూ దేశం. అక్కడ పన్నెండు వేల అడుగుల ఎత్తున, చలిలో గడ్డి తింటూ ఎవరి జోలికీ పోకుండా బతుకుతుంది. దాని సుఖాన్ని చూసి ఓర్వలేక మన ఉన్నతస్థాయి బృందం ఒకటి ఆ దేశానికి అధ్యయన యాత్ర వెళ్ళింది. దొరికిన ప్రతి ఆల్పకా మెడ మీదా చెయ్యేసి ఫోటోలు దిగి, తిరిగి వస్తూనే రాష్ట్రానికి ఉన్ని విప్లవం తప్పదని తేల్చేసింది. రాయలసీమలో కాస్త చల్లగా ఉండే చోటు ఎక్కడుందా అని వెతికి తుమ్మెదల కొండను పట్టుకున్నారు. ఆ కొండ ఎత్తు మూడు వేల అడుగులు. తక్కువపడ్డ తొమ్మిది వేల అడుగులను దశలవారీగా సాధిస్తామని ప్రాజెక్టు నివేదికలో రాసుకున్నారు. ఆ విధంగా 'ఆల్పకా పునరుత్పత్తి, నవజాత ఆరోగ్య పరిశోధన కేంద్రం' వెలిసింది. ఐదు ఆడ ఆల్పకాలు, ఒక మగ ఆల్పకా విమానం దిగాయి.

మగదాని పేరు ప్రతాప్. ఉన్నన్ని రోజులూ వాడు తేనెరంగు మందాకినితోనే తిరిగాడు, మిగతా నాలుగింటినీ కన్నెత్తి చూడలేదు. ఇంతలో పక్క జిల్లావాళ్ళు పశుప్రదర్శనకని వాణ్ణి రెండు రోజులకు అడిగి తీసుకుపోయారు. అక్కడ జనం వాడితో సెల్ఫీలకు ఎగబడ్డారు. ఇక అక్కడి అధికారి వాణ్ణి రిలీవ్ చేస్తే ఒట్టు. ఇక్కణ్ణించి రాసిన ప్రతిసారీ 'ప్రజాప్రయోజనం దృష్ట్యా కొనసాగించడమైనది' అని జవాబు వచ్చేది. పోయిన ప్రతాప్ పోయినట్టే అక్కడ పాతుకుపోయాడు.

వాడు పోయి పది నెలలయ్యాక పైనుంచి అడిగారు, ఎన్ని ఆల్పకాలు చూడి కట్టాయని.

ఆడ ఆల్పకా చూడితో ఉందో లేదో తేల్చడానికి పెరూ కాపరుల దగ్గర ఒక తేలిక ఉపాయం ఉంది. మగదాన్ని తెచ్చి దాని ఎదుట నిలబెడతారు. చూడిది కాకపోతే ఊరుకుంటుంది. చూడిదైతే చెవులు వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి, నెమరుకని పొట్టలో దాచుకున్న పచ్చటి పసరంతా వాడి మొహాన ఉమ్మేస్తుంది. నీతో నాకింక పనిలేదు, పో అని దానర్థం. అక్కడైనా అది మొదటి అంచనాకే. తర్వాత స్కానింగ్ యంత్రంతో చూసుకుంటారు. తుమ్మెదల కొండకూ యంత్రం రాకపోలేదు. అయితే స్కానింగ్ చేసే ముందు, కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పమని అడగబోనంటూ గర్భవతి స్వయంగా సంతకం చెయ్యాలని తనిఖీకి వచ్చినవాళ్ళు పట్టుబట్టారు. మందాకిని సంతకం చెయ్యలేదు. పోనీ కాలి గిట్ట ముద్ర వేలిముద్రగా చెల్లుతుందా అని న్యాయసలహాకు రాశారు. ఆ సలహా వచ్చేదాకా యంత్రానికి సీలు వేశారు.

దాంతో ఉమ్మి ఒక్కటే ప్రమాణంగా మిగిలింది. ప్రతి పక్షానికీ మగ ఆల్పకా సమక్షంలో ఉమ్మి పరీక్ష జరపాలని ఉత్తర్వు. మగ ఆల్పకా మాత్రం లేదు. అక్కడ మెదిలింది పరాంకుశరావుగారి బుర్రలో ఇన్‌చార్జి ఆలోచన.

"సార్, నేను పశువుల డాక్టర్ని," అన్నాడు ఓబుళేశు ఆయన బల్ల ముందు నిలబడి.

"అందుకే మీకిచ్చింది. అర్హతల్లో ఆ పోస్టుకు దగ్గరగా ఉన్నది మీరే," అన్నారు పరాంకుశరావుగారు. "తహసిల్దారు సెలవులో ఉంటే డిప్యూటీ చూస్తాడు. హెడ్‌మాస్టరు లేకపోతే సీనియర్ టీచరు చూస్తాడు. పోస్టు ఖాళీగా ఉంచకూడదు డాక్టరుగారూ, పరిపాలనకు అది ప్రాణసూత్రం. ఖాళీగా ఉంచితే ఇది అక్కర్లేని పోస్టని పైవాళ్ళు రద్దు చేస్తారు. మగ పోస్టు రద్దయితే పునరుత్పత్తి ఎక్కడ? పునరుత్పత్తి లేకపోతే నవజాతాలెక్కడ? నవజాతాలు లేకపోతే నేనెక్కడ?"

చివరి ప్రశ్న దగ్గర ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"కానీ సార్, సమస్త విధులు అని రాశారే..."

పక్కనే నిలబడ్డ సూపరింటెండెంట్ మస్తాన్ వలీ గొంతు సవరించుకున్నాడు. ఉత్తర్వు రాసింది ఆయనే. "అది అలవాటుకొద్దీ పడే మాట సార్. మీరేం భయపడాకండి. దాని ఎదురుగా పోయి నిలబడితే సాలు. ఉమ్మితే చూడి అని రాస్తాం, ఉమ్మకుంటే కాదని రాస్తాం. అంతకుమించి మిమ్మల్ని ఎవురూ ఏమీ అడగరు."

ఆ సాయంత్రమే ఓబుళేశు చార్జి తీసుకున్నాడు. ప్రతాప్ పగ్గం, నీళ్ళ తొట్టి, పేరు రాసిన పాక, వాడి ఉన్నితో నేసిన కంబళి ఒకటి అప్పగించారు. పరీక్షప్పుడు కంబళి కప్పుకోవాలని డైరెక్టరుగారు చెప్పారు, సహజమైన వాసన కోసం. ఇవిగాక ఆ పోస్టులో ఉన్నవారికి రోజూ పొద్దున ఒక మోపు పచ్చి లూసర్న్ గడ్డి ముట్టాలి. నాకొద్దు మొర్రో అన్నాడు ఓబుళేశు. పోస్టుతో వచ్చే సౌకర్యాన్ని కాదనే అధికారం ఇన్‌చార్జికి ఉండదని మస్తాన్ వలీ వినయంగా చెప్పి, మోపు ఆయన బల్ల మీద పెట్టించి వెళ్ళాడు.

నాలుగో రోజు పొద్దున మొదటి పరీక్ష జరిగింది. ఓబుళేశు కంబళి కప్పుకుని ఒక్కో దొడ్డి ముందూ నిలబడ్డాడు. మొదటిది ఆయన్ని చూడగానే చెవులు వాల్చింది. ఆ తర్వాత కాసేపు ఆయనకేమీ కనపడలేదు. రెండోది, మూడోది, నాలుగోది కూడా ఏమాత్రం మొహమాటపడలేదు. పరాంకుశరావుగారు దూరంగా గొడుగు అడ్డం పెట్టుకుని "పాజిటివ్!" అని అరుస్తుంటే మస్తాన్ వలీ రాసుకుంటూ వచ్చాడు.

ఓబుళేశు ఇంటికి వెళ్ళేసరికి భార్య నాగరత్నం గుమ్మంలోనే ఆపేసింది.

"ఏమి కంపండీ ఇది! యాడ పొర్లాడొచ్చినారు?"

"డ్యూటీలో అంటుకునింది."

"ఏం డ్యూటీ?"

ఓబుళేశు చెప్పాడు. నాగరత్నం ముందు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత పెరట్లోకి చెయ్యి చూపించింది. ఆయన కుళాయి కింద కూచుని శీకాయ పెట్టి రుద్దుకుంటూ ఉంటే, ఆమె వంటింట్లోంచి "మా నాయన డాక్టరని చెప్పి ఇచ్చినాడు. డాక్టరని!" అంటూనే ఉంది.

అసలు చిక్కు మందాకిని దగ్గర వచ్చింది. ఓబుళేశు తనకొచ్చిన లూసర్న్ మోపును ఏం చేసుకోవాలో తెలియక దాని దొడ్డిలో వేస్తున్నాడు. అది కంచె దగ్గరికి వచ్చి ఆయన చేతిలోంచే తింటుంది. ఆ పొద్దున పరీక్షలో చివరగా దాని ముందు ఆయన కంబళితో వెళ్ళి నిలబడితే, మందాకిని పరుగున వచ్చి మెడ చాచి, ఆయన చెవి వాసన చూసి, సన్నగా కూనిరాగం తీసింది. ఉమ్మలేదు.

"నెగెటివ్," అన్నారు పరాంకుశరావుగారు.

ఓబుళేశు ఉలిక్కిపడ్డాడు. మనిషి కాస్త మెతకే గానీ చదువుకున్న చదువు ఎక్కడికీ పోలేదు. మందాకిని పొట్ట కిందికి జారింది. పొదుగు గట్టిపడుతోంది. డొక్క మీద అరచెయ్యి ఆనిస్తే లోపల పిల్ల ఠపీమని తన్నింది. ఆ ఐదింటిలో చూడిది మందాకిని ఒక్కతే. మిగతా నాలుగింటికీ ఉన్నది గర్భం కాదు, చిరాకు. అవి పోస్ట్‌మ్యాన్ మీద కూడా ఉమ్ముతాయి. నీళ్ళ ట్యాంకు మీద ఉమ్ముతాయి. ఏమీ దొరక్కపోతే ఒకదాని మీదొకటి ఉమ్ముకుంటాయి.

కానీ కాగితం మీద ఆ నాలుగే గర్భవతులు. వాటికి వేరుశనగ చెక్క, ఉలవలు, బెల్లం నీళ్ళు, ఫ్యాన్లు పెట్టారు. వారం తిరక్కుండా గుమ్మడికాయల్లా తయారయ్యాయి. మందాకినికి ఎండుగడ్డి. ఓబుళేశు చాటుగా వేసే ఆ లూసర్న్ మోపే లేకపోతే అదీ, దాని కడుపులోదీ ఏమైపోయేవో.

రెండో పరీక్షలోనూ అది ఉమ్మలేదు. ఈసారి ఆయన భుజం మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది. మర్నాడే ఉత్తర్వు తయారైంది. ఫలితం చూపని ఆల్పకాను లారీలో పక్క జిల్లా ప్రదర్శనకు తరలించాలట. నిండు చూడితో ఉన్నదాన్ని ఘాట్ రోడ్డు మీద లారీలో కుదేస్తే దారిలోనే ఈనేస్తుంది. పిల్ల దక్కదు, తల్లి దక్కడం కూడా అనుమానమే. ఓబుళేశు ఉత్తర్వు పట్టుకుని డైరెక్టర్ గదిలోకి పరిగెత్తాడు.

"సార్, అది నిండు చూడి. దాన్ని కదిలించకూడదు."

"ఉమ్మిందా?"

"లేదు సార్."

"మరి చూడి ఎలా అవుతుంది?"

"లోపల పిల్ల తిరుగుతోంది సార్. నా చేత్తో చూశాను."

పరాంకుశరావుగారు జాలిగా చూశారు. "డాక్టరుగారూ, మీ చెయ్యి ప్రొటోకాల్‌లో లేదు."

"పొదుగు దిగింది సార్. కళ్ళకు కనపడుతోంది."

"కళ్ళకు కనపడేవన్నీ నమ్మితే ఇక పరిశోధన ఎందుకు? అసలు నాకు మీ మీదే అనుమానంగా ఉంది. నాలుగు ఉమ్మాయి, ఒకటి ఉమ్మలేదు. అంటే ఒక దొడ్డి విషయంలో ఇన్‌చార్జి విధి నిర్వహణలో అలసత్వం ఉందన్నమాట. మీకు మెమో వస్తుంది."

వచ్చింది. 'మందాకిని అను ఆల్పకా మీపై ఉమ్మకపోవుటకు గల కారణములను వారం లోపల లిఖితపూర్వకముగా తెలుపవలెను. తెలుపనిచో మీరు చెప్పుకొనునది ఏమియు లేదని భావించబడును.' లారీ కూడా వారంలోనే వస్తుందని కింద ఉంది.

ఆ వారంలో ఓబుళేశు పడని పాటు లేదు. దాని చేత ఉమ్మించుకోవడానికి ముందు కసిరాడు. మందాకిని చెవులు నిక్కబొడుచుకుని శ్రద్ధగా విన్నది. గడ్డి అందించినట్టే అందించి లాక్కున్నాడు. అది ఆట అనుకుని ఎగిరింది. దాని ఎదుట నిలబడి దాని ఉన్నిని, మెడను, పెరూ దేశాన్ని తిట్టాడు. తిట్టి తిట్టి ఆయనకే ఏడుపొచ్చింది. మందాకిని వచ్చి ఆయన చెంప నాకింది. ఈ జన్మలో తనను ఇంత ప్రేమగా చూసినవాళ్ళు లేరని, ఆ ప్రేమే దాని ప్రాణం తీయబోతోందని ఓబుళేశుకు దుఃఖం ఆగలేదు.

అన్నం దగ్గర కూచుని కలుపుతూనే ఉన్నాడు గానీ తినడం లేదు. నాగరత్నం చూసి చూసి అడిగింది. ఆయన చెప్పాడు.

"దానికి మీరంటే ప్రేమ. ఇంగెట్లా ఉమ్ముతాది?" అంది నాగరత్నం. "ఎవురిని చూస్తే కడుపు మండుతాదో వాళ్ళని తీసకపోండి."

"అట్లా కుదరదు. ఆ పోస్టులో ఉన్నోళ్ళ మీద ఉమ్మితేనే లెక్క. పోస్టులో ఉన్నది నేను."

"అయితే మీరు ఆ పోస్టులో ఉండాకండి. సెలవు పెట్టండి."

ఓబుళేశు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. కేంద్రంలో అధికారులు ఇద్దరే.

మర్నాడు ఆయన నడుం నొప్పి అని సెలవు చీటీ ఇచ్చాడు. పరాంకుశరావుగారు మంజూరు చేసేశారు. ఆ తర్వాత మస్తాన్ వలీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మగ ఆల్పకా చార్జి ఎవురికిద్దాం సార్?"

"ఎవరికో ఒకరికి ఇవ్వండి."

"గెజిటెడ్ అధికారికే ఇయ్యాలని పోయిన తూరి మీరే రాసినారు సార్. కిందెవురూ లేరు. కింద మనిషి లేకుంటే పైమనిషి చూసుకోవాల."

పరాంకుశరావుగారు ఇటూ అటూ చూశారు. పై మనిషి అన్నవాడు ఆ కొండ మీద ఆయన ఒక్కరే. పోస్టు ఖాళీగా ఉంచకూడదన్న ప్రాణసూత్రం కూడా ఆయనదే. చివరికి "నాయకత్వం అంటే ముందు నిలబడటమే," అని తనకు తానే చెప్పుకుని, సఫారీ సూటు మీద కంబళి కప్పుకున్నారు. ఫోటో తియ్యడానికి మనిషిని కూడా పిలిపించారు. పదకొండు గంటలకు చార్జి తీసుకుని, తిన్నగా మందాకిని దొడ్డి ముందుకు వచ్చారు.

ఓబుళేశు సెలవులో ఉన్నాడు కాబట్టి గోడ అవతలి నుంచి చూస్తున్నాడు. మందాకిని ఎండుగడ్డి నములుతోంది. పరాంకుశరావుగారి అత్తరు వాసనకు ఒకసారి తుమ్మింది. ఆయన ఫోటోలో గడ్డి కనపడకూడదని దాని నోట్లోంచి గడ్డి లాగేశారు. "ఇటు చూడు," అని గడ్డం పట్టుకుని మొహాన్ని కెమెరా వైపు తిప్పారు. మందాకిని చెవులు వెనక్కి వాలాయి. గడ్డం ఆయన చేతిలోంచి జారి పైకి లేచింది. ఉమ్మవే తల్లీ, ఉమ్మవే అని గోడ వెనక ఓబుళేశు దణ్ణాలు పెడుతున్నాడు.

అది ఉమ్మింది. అన్ని రోజుల ఎండుగడ్డి ఒక్కసారిగా ఉమ్మింది.

పరాంకుశరావుగారు కళ్ళజోడు తీశారు. కళ్ళజోడు ఉన్నంత మేర తప్ప మొహమంతా ఆయన సంతకం రంగులోకి తిరిగింది. కాసేపు నోరు తెరవలేదు, తెరవడం క్షేమం కాదు గనుక. తర్వాత ఆ పచ్చటి మొహం నిండా చిరునవ్వు విచ్చుకుంది.

"పాజిటివ్!" అన్నారు. "మస్తాన్ వలీగారూ, రాసుకోండి. డాక్టరుగారు ఇన్‌చార్జిగా ఉన్నన్నాళ్ళూ నెగెటివ్. నేను చార్జి తీసుకున్న రోజే పాజిటివ్. అంటే ఈ రోజే చూడి కట్టింది."

లారీ రద్దయింది. మందాకినికి ఉలవలు, బెల్లం నీళ్ళు వచ్చాయి. ఓబుళేశు మర్నాడే నడుం నొప్పి తగ్గి డ్యూటీలో చేరాడు. కానీ ఫలితమిచ్చిన పోస్టును పరాంకుశరావుగారు ఇక వదల్లేదు, చార్జి తనవద్దే ఉంచుకున్నారు. ఆల్పకా పదకొండున్నర నెలలు మోస్తుంది కాబట్టి, ఆ రోజు నుంచి లెక్కవేసి కాన్పు తేదీ కూడా నిర్ణయించి దొడ్డి మీద బోర్డు పెట్టించారు. వచ్చే ఏడాది తేదీ.

మందాకిని బోర్డు చదవలేదు. మూడు వారాలు కాకముందే ఒకరోజు పొద్దున, ఎండ దొడ్డిలోకి వస్తుండగా ఈనింది.

పిల్ల పిడికెడంత ఉంది. తల్లి కడుపున ఉండగా తిన్నది ఎండుగడ్డి కదా. తడిసిన ఉన్నితో, చల్లబడిన చెవులతో కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకు చాపి పడుకుంది. మామూలుగా గంటలో లేచి పాలు తాగాలి. ఇది తలే ఎత్తడం లేదు. ఊపిరి ఉండీ లేనట్టుంది. ఓబుళేశు దాన్ని ఒడిలోకి తీసుకుని నవజాత ఆరోగ్య కేంద్రం వైపు పరిగెత్తాడు. వెచ్చటి దీపాలు, ప్రాణవాయువు, గాజు పెట్టె అన్నీ అందులో ఉన్నాయి. తలుపుకు తాళం ఉంది. తాళంచెవి జేబులో వేసుకుని పరాంకుశరావుగారు ఎదురొచ్చారు.

"సార్, తలుపు తియ్యండి! పిల్ల పుట్టింది!"

"ఎవరికి?"

"మందాకినికి."

పరాంకుశరావుగారు బోర్డు వైపు చూశారు. "ఇంకా పదకొండు నెలల గడువుంది. ఇప్పుడెలా పుడుతుంది? నవజాత కేంద్రం నవజాతాలకు. గడువుకు ముందు ఎవరో ఏదో తెచ్చి ఇది పుట్టిందంటే తాళం తియ్యడానికి వీల్లేదు. పై అనుమతికి రాద్దాం."

ఓబుళేశు చేతుల్లో ఆ చిన్న డొక్క ఒకసారి లేచి, చాలాసేపు లేవలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన పై అధికారి మీద చెయ్యెత్తాలనుకున్నది ఆ ఒక్క క్షణమే. చేతుల్లో పిల్ల ఉంది కాబట్టి కుదరలేదు. ఆ ఊపులోనే ఆయనకు మెరుపులా తట్టింది.

"అదే సార్ నేను చెప్పేది! గడువుకు పదకొండు నెలల ముందే పుట్టింది. మనుషుల్లో నెల ముందు పుడితేనే పెద్దాసుపత్రికి పరిగెడతారు. పదకొండు నెలల ముందు పుట్టి ఊపిరి తీస్తున్నది ప్రపంచంలో ఇంతవరకూ లేదు సార్!"

పరాంకుశరావుగారి చెయ్యి జేబు దగ్గర ఆగింది. "ప్రపంచంలోనా?"

"ప్రపంచంలో సార్. పెరూలో కూడా లేదు. అదీ మీ చార్జిలో. బతికితే రికార్డు. ఇక్కడే పోతే వీధిలో పోయిన పిల్ల, రికార్డుకు ఎక్కదు."

తాళంచెవి బయటికొచ్చింది. తొందరలో అది తాళంలో దూరక, డైరెక్టరుగారు తలుపును భుజంతో గుద్దారు. అరుపులు విని వచ్చిన మస్తాన్ వలీ కూడా గుద్దాడు. తలుపు ఊడిపడింది. దీపాలు వెలిగాయి, ప్రాణవాయువు బుసబుసలాడింది. ప్రపంచ రికార్డు పోతుందేమోనని పరాంకుశరావుగారు తన కొత్త సఫారీ కోటు విప్పి దాని మీద కప్పి, "ఊపిరి తీసుకో నాన్నా, ఊపిరి తీసుకో," అని ఏడుస్తూ దాని డెక్కలు రుద్దారు. ఓబుళేశు పరుగున పోయి మందాకిని దగ్గర ముర్రుపాలు పితికి తెచ్చాడు. చుక్క చుక్కగా నోట్లో వేశాడు. మొదటి చుక్క పెదవి మీంచి కారిపోయింది. రెండోదీ కారిపోయింది. తర్వాతది గుటుక్కుమంది. ఆ గుటక చప్పుడుకు ఓబుళేశు నేల మీద కూలబడ్డాడు. ఆనందంతో వెక్కి వెక్కి ఏడ్చాడు, ఎవరున్నారో కూడా చూసుకోలేదు.

మధ్యాహ్నానికి పిల్ల ఒకసారి లేచి, తూలి, ఆయన ఒళ్ళో పడింది. తల్లిని కూడా లోపలికి తెచ్చి పక్కనే కట్టారు. కబురు తెలిసి నాగరత్నం ఒక మెత్తటి పాత చీర చంకన పెట్టుకుని వచ్చింది. పురిటిబిడ్డను కొత్త గుడ్డలో ఎవరైనా చుడతారా అని సఫారీ కోటు తీసి పక్కన పడేసి, చీర మడతలో పిల్లను చుట్టి మొగుడి ఒళ్ళోనే పెట్టింది.

ఆ పక్కనే పరాంకుశరావుగారు బనీను మీదే పత్రికా ప్రకటన చెబుతున్నారు. "నా చార్జిలో చూడి కట్టి, నా చార్జిలోనే, పదకొండు నెలలు ముందుగా జన్మించి..."

మస్తాన్ వలీ రాయడం ఆపాడు. "పుట్టుక రాసే నమూనాలో తండ్రి పేరు కూడా అడిగినారు సార్."

"ప్రతాప్ అని రాయండి."

"ఎట్లా రాసేది సార్? అది చూడి కట్టింది మీరు చార్జి తీసుకున్న పొద్దని మనమే రాస్తిమి. ఆ పొద్దుకే ప్రతాప్ పొయ్యి పది నెలలు దాటిపాయె. ఆ పొద్దు పోస్టులో ఉండింది..." మర్యాద కొద్దీ ఆయన అక్కడితో ఆపేశాడు.

పరాంకుశరావుగారికి తన ఇల్లు, ఇంట్లో ఉన్నావిడ, రేపటి పేపరు వరసగా కళ్ళ ముందు కదిలాయి.

"నేను చార్జి తీసుకున్నది ఎన్ని గంటలకు?" అన్నారు మెల్లగా.

"పదకొండుకు సార్."

"చూడి కట్టింది అంతకుముందే అయ్యుంటుంది. ముందు కట్టబట్టే కదా పదకొండుకు ఉమ్మింది. పదకొండు దాకా చార్జి ఎవరిది?"

ఇద్దరూ తలతిప్పి ఓబుళేశు వైపు చూశారు. ఓబుళేశు ఎవరి వైపూ చూడలేదు, నాగరత్నం వైపు తప్ప. ఇవాళ ఆమె చేతిలో ఇంకో తలుపు కూడా ఊడుతుందని ఆయనకు అర్థమైంది.

నాగరత్నం పిల్ల మీదికి వంగింది. మెటికలు విరిచి దిష్టి తీసింది. ముక్కు చూసింది, చెవులు చూసింది, గడ్డం కింద వేలు పెట్టి ఇటూ అటూ తిప్పి చూసింది.

"కండ్లు వాళ్ళమ్మవి," అంది. "మెడ మాత్రం అచ్చం మా మామదే."

"రాసుకోండి మస్తాన్ వలీగారూ!" అన్నారు పరాంకుశరావుగారు ప్రాణం లేచొచ్చి. "పోలికలు కుటుంబ సభ్యులచే ధ్రువీకరించబడినవి."

పిల్ల చీర మడతలోంచి మూతి బయటపెట్టి ఓబుళేశు బొటనవేలు అందుకుని చప్పరించడం మొదలుపెట్టింది. పాలు రావని తెలిసినా వదల్లేదు.

"ఇంటిపేరు కూడా రాసేదా సార్?" అని అడిగాడు మస్తాన్ వలీ.

"రాయప్పా," అన్నాడు ఓబుళేశు.